బయటి లింకుల ప్లగిన్‌లో ఓపెన్ రీడైరెక్ట్: పట్టుకోవడం, మూయడం

వాట్సాప్‌లో వచ్చిన లింకు మొదట్లో తెలిసిన కాలేజీ పేరో, గుడి పేరో, జిల్లా ఆఫీసు పేరో కనిపిస్తే జనం ధైర్యంగా నొక్కుతారు. నొక్కే ముందు డొమైన్ చూసుకోమని ఏళ్ల తరబడి అందరికీ చెబుతున్నది మనమే. ఆ ఒక్క జాగ్రత్తనూ పనికిరాకుండా చేసే లోపం ఇది. లింకు నిజంగా మీ సైటుదే, తాళం గుర్తూ మీదే, కానీ నొక్కినవాళ్లు తేలేది మోసగాడి పేజీలో. మధ్యలో దారి మళ్లించింది మీరు ఇన్‌స్టాల్ చేసుకున్న ప్లగిన్.

దీని పేరు ఓపెన్ రీడైరెక్ట్. సాఫ్ట్‌వేర్ బలహీనతల జాబితాలో సీడబ్ల్యూఈ-601. సర్వర్‌లోకి ఎవరూ చొరబడరు, ఫైళ్లు మారవు, పాస్‌వర్డ్ పోదు. అందుకే సైటు యజమానికి తెలిసేసరికి చాలా ఆలస్యమవుతుంది.

బయటి లింకుల ప్లగిన్లను సాధారణంగా మూడు పనులకు పెట్టుకుంటారు: 'మీరు మా సైటు దాటి వెళ్తున్నారు' అనే హెచ్చరిక పేజీ చూపడానికి, ఏ లింకును ఎంతమంది నొక్కారో లెక్కపెట్టడానికి, అఫిలియేట్ లింకుల (వాటి ద్వారా ఎవరైనా కొంటే కమీషన్ వచ్చే లింకుల) పొడవాటి అడ్రసులను దాచడానికి. భారత ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు, అంటే జీఐజీడబ్ల్యూ, బయటి సైటుకు వెళ్తున్న సంగతి సందర్శకుడికి తెలియజేయమంటాయి కాబట్టి మొదటి రకం ప్రభుత్వ విభాగాల సైట్లలో మామూలు. ఉద్యోగ నోటిఫికేషన్లు, పరీక్షా ఫలితాల లింకులు పెట్టే తెలుగు సైట్లకు రెండోది, మూడోది పనికొస్తాయి. మూడింటిలోనూ లోపలి పని ఒకటే: లింకు ముందు మీ సైటుకు వస్తుంది, అక్కడి నుంచి బయటికి పోతుంది. ఆ బయటి అడ్రసును ఎవరు నిర్ణయిస్తున్నారన్నదే అసలు ప్రశ్న. మీ డేటాబేస్ నిర్ణయిస్తే ఫరవాలేదు. లింకు రాసినవాడు నిర్ణయిస్తే మీ డొమైన్ పేరు ఎవరికి కావాలంటే వాళ్లకు అద్దెకు పోయినట్టే.

2012 అక్టోబరులో అమెరికాలో ఇది ఎలా జరిగిందో చూడండి. వెర్మాంట్ రాష్ట్ర కార్మిక శాఖ సైటు డాట్‌నెట్‌న్యూక్ అనే సాఫ్ట్‌వేర్ మీద ఉండేది. క్లిక్కులు లెక్కపెట్టడానికి అందులో లింక్‌క్లిక్ అనే పేజీ ఉంది. 'లింక్' అనే పరామీటర్‌లో, అంటే అడ్రసులో సమాన గుర్తు పెట్టి విలువ ఇచ్చే చోట, ఏ అడ్రసు ఇస్తే ఆ అడ్రసుకు పంపేసేది. స్పామర్లు అక్కడ తమ అడ్రసు పెట్టారు. డాట్ గవ్ అడ్రసును, అంటే అమెరికా ప్రభుత్వ సైటు అడ్రసును, బిట్లీ అనే పొట్టి లింకుల సర్వీసులో పెడితే, ఆ రోజుల్లో తనంతట తానే 1.యూఎస్ఏ.గవ్ అనే ప్రభుత్వ పొట్టి లింకు తయారయ్యేది. అలా రెండు ప్రభుత్వ పేర్ల ముసుగులో, ఇంట్లో కూర్చుని సంపాదించండి అనే మోసపు పేజీకి వేలమంది చేరారు. ఎవరూ ఏ సర్వర్‌నూ పగలగొట్టలేదు. లెక్కపెట్టే పేజీ తన పని తాను చేసింది, అంతే.

కింద చెప్పేదంతా సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌ను దృష్టిలో పెట్టుకుని రాసింది. ఫంక్షన్ల పేర్లు, అడ్రసులు పలికినట్టు తెలుగులో ఇచ్చాం. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

మీ సైటులో ఉందో లేదో చూడటం

సైటును ఇన్‌కాగ్నిటో విండోలో, లాగిన్ కాకుండా తెరవండి. చాలా ప్లగిన్లు అడ్మిన్‌ను ఒకలా, బయటివాళ్లను ఒకలా చూస్తాయి. దాడి జరిగేది బయటివాళ్ల మీదే కాబట్టి మీరూ బయటివాళ్లలాగే చూడాలి. ఏదైనా బయటి లింకు మీద మౌస్ ఆనించి, కింద ఎడమ మూలలో కనిపించే అడ్రసు చదవండి.

నేరుగా బయటి సైటు అడ్రసే ఉంటే ఆ లింకు వరకు రీడైరెక్ట్ లేదు. 'మీసైట్.ఇన్/గో/57' లాగా నంబరో చిన్న పేరో ఉంటే గమ్యం డేటాబేస్‌లో ఉందని అర్థం, ఇది మంచి పద్ధతి. 'మీసైట్.ఇన్/?గో=హెచ్‌టీటీపీఎస్://...' లాగా సమాన గుర్తు తర్వాత పూర్తి అడ్రసు కనిపిస్తే అనుమానించాల్సింది అదే. నాలుగో రకం ఇంకొకటుంది: సమాన గుర్తు తర్వాత అర్థంకాని అక్షరాల వరస. అది ఏ, హెచ్, ఆర్, సున్నా, సి అని మొదలైతే అది రహస్యమేమీ కాదు. 'హెచ్‌టీటీపీ'ని బేస్64లోకి మారిస్తే వచ్చే మొదటి అక్షరాలు అవే. బేస్64 తాళం కాదు, వేరే లిపిలో రాయడం మాత్రమే. ఎవరైనా ఒక్క క్షణంలో తమ అడ్రసును అదే లిపిలోకి మార్చుకుని అక్కడ పెట్టగలరు.

ఇప్పుడు ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ తెరవండి. 'ప్రిజర్వ్ లాగ్' టిక్ పెట్టండి, లేకపోతే పేజీ మారగానే పాత వరసలు మాయమవుతాయి. అడ్రస్ బార్‌లో గమ్యం స్థానంలో ఎగ్జాంపుల్.కామ్ పెట్టి ఎంటర్ కొట్టండి. ఆ డొమైన్‌ను ఉదాహరణల కోసమే ప్రత్యేకించి ఉంచారు, కాబట్టి ఎవరికీ ఇబ్బంది ఉండదు. మొదటి వరసలో 301, 302, 303, 307, 308లలో ఏదో ఒకటి వచ్చి, 'లొకేషన్' హెడర్‌లో ఎగ్జాంపుల్.కామ్ కనిపిస్తే లోపం ఖాయం. 200 వచ్చి, ఐదు సెకన్లు లెక్కపెట్టి తర్వాత పంపినా అదే లోపం. దారి మళ్లించేది సర్వర్ కాకుండా పేజీలోని స్క్రిప్టు అన్నదొక్కటే తేడా. మీ లోగోతో ఉన్న పేజీలో 'కొనసాగండి' బటన్ వచ్చి, దాని వెనక ఎగ్జాంపుల్.కామ్ ఉంటే తీవ్రత కొంచెం తక్కువే కానీ తేలిగ్గా తీసుకోకండి. మీ లోగో కింద ఉన్న బటన్‌ను జనం నొక్కుతారు.

ఎక్కడికీ పంపకపోతే వెంటనే ఊపిరి పీల్చుకోకండి. ప్లగిన్‌లో ఏదో ఒక తనిఖీ ఉండి ఉంటుంది, అది గట్టిదో కాదో చూడాలి. తనిఖీని దాటిపోయే రూపాలు ఇవి. ఒక్కొక్కటీ ప్రోగ్రామర్ చేసే ఒక్కో మామూలు పొరపాటుకు సరిపోతుంది.

'//ఎగ్జాంపుల్.కామ్'. హెచ్‌టీటీపీ అనే మాట కోసమే వెతికే తనిఖీకి ఇది చిక్కదు. రెండు గీతలతో మొదలయ్యేదాన్ని బ్రౌజర్ వేరే సైటు అడ్రసుగానే తీసుకుంటుంది.

'/\ఎగ్జాంపుల్.కామ్'. ఒక గీతతో మొదలైంది కాబట్టి మన సైటులోని పేజీయే అనుకుని వదిలేసే తనిఖీ కోసం ఇది. బ్రౌజర్లు వెనక్కి వాలిన గీతను కూడా మామూలు గీతలాగే చదువుతాయి.

'హెచ్‌టీటీపీఎస్://మీసైట్.ఇన్.ఎగ్జాంపుల్.కామ్'. అడ్రసు మన పేరుతో మొదలైతే చాలనుకున్న తనిఖీ పప్పులో కాలేసేది ఇక్కడే. డొమైన్‌కు యజమాని ఎవరో చివరి ముక్కలు చెబుతాయి, మొదటి ముక్కలు కావు.

'హెచ్‌టీటీపీఎస్://మీసైట్.ఇన్@ఎగ్జాంపుల్.కామ్'. ఎట్ గుర్తుకు ముందున్నది యూజర్ పేరు కింద లెక్క, సైటు దాని తర్వాత ఉంది. చూసే మనిషి కూడా ఇక్కడే మోసపోతాడు.

'హెచ్‌టీటీపీఎస్://ఎగ్జాంపుల్.కామ్/?మీసైట్.ఇన్'. అడ్రసులో ఎక్కడో ఒకచోట మన పేరుంటే వదిలేసే తనిఖీకి.

'జావాస్క్రిప్ట్:అలర్ట్(1)'. ఇది హెచ్చరిక పేజీ ఉన్న ప్లగిన్లకు. 'కొనసాగండి' నొక్కితే చిన్న పెట్టె లేచి అందులో 1 కనిపిస్తే, అది రీడైరెక్ట్ స్థాయి దాటిపోయింది. మీ సైటు పేరు మీద పరాయి కోడు నడుస్తోందని అర్థం. దీని సంగతి విడిగా కింద చెబుతాం, కానీ ఇది కనబడితే మిగతా పరీక్షలు ఆపి ముందు ప్లగిన్ తీసేయండి.

ఈ పరీక్షలు మీ సొంత సైటు మీద, లేదా మీకు పని అప్పగించినవాళ్ల సైటు మీద మాత్రమే చేయాలి.

కోడు చదవగలిగితే ఇంకా తేల్చి చెప్పొచ్చు. ప్లగిన్ ఫోల్డర్‌ను ఎడిటర్‌లో తెరిచి, కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్ కలిపి నొక్కి మొత్తం ఫోల్డర్‌లో ఇవి వెతకండి: డబ్ల్యూపీ_రీడైరెక్ట్, హెడర్ ఫంక్షన్‌తో కూడిన 'లొకేషన్', జావాస్క్రిప్ట్ ఫైళ్లలో లొకేషన్.హెచ్‌రెఫ్, విండో.ఓపెన్. దొరికిన ప్రతి చోటి నుంచి పైకి వెళ్తూ, ఆ విలువ ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. $_గెట్ నుంచో, $_రిక్వెస్ట్ నుంచో, అంటే లింకులోంచే వచ్చి, మధ్యలో హోస్ట్ (అడ్రసులోని సైటు పేరు) తనిఖీ లేకుండా నేరుగా రీడైరెక్ట్‌లో పడితే వేరే రుజువు అక్కర్లేదు. 'డబ్ల్యూపీ_రీడైరెక్ట్ తనే అడ్రసును శుభ్రం చేస్తుంది కదా' అని కొందరు డెవలపర్లు వాదిస్తారు. చేస్తుంది, నిజమే. కానీ అది తీసేసేది చెల్లని అక్షరాలను, లైను విరుపులను. ఏ సైటుకు పోతోందన్నది అది చూడదు.

కోడు రానివాళ్లు ఈరోజే చేయాల్సింది

ముందు బ్యాకప్ తీసుకోండి, ఫైళ్లు, డేటాబేస్ రెండూ. తర్వాత ప్లగిన్ అప్‌డేట్ ఉంటే చేసి, పై పరీక్షలన్నీ మళ్లీ చేయండి. చేంజ్‌లాగ్‌లో 'సెక్యూరిటీ ఫిక్స్' అని ఉన్నంత మాత్రాన నమ్మకండి. మొదటి రూపాన్ని మూసి రెండో రూపాన్ని వదిలేసిన సవరణలు ఎన్నో వస్తుంటాయి.

అప్‌డేట్ లేకపోతే డీయాక్టివేట్ చేసి ఊరుకోకండి, డిలీట్ చేయండి. ఇది చాలామందికి తెలియని విషయం. డీయాక్టివేట్ అంటే ఆ ప్లగిన్‌ను వర్డ్‌ప్రెస్ లోడ్ చేయడం మానేస్తుందని మాత్రమే, ఫైళ్లు సర్వర్‌లోనే ఉంటాయి. ప్లగిన్ ఫోల్డర్‌లో రీడైరెక్ట్.పీహెచ్‌పీ లాంటి విడి ఫైలు ఉండి, అది వర్డ్‌ప్రెస్‌తో పని లేకుండా నడిచే రకమైతే, బయటి నుంచి నేరుగా ఆ ఫైలు అడ్రసు కొట్టినవాళ్లకు అది మునుపటిలాగే పనిచేస్తుంది.

డిలీట్ చేసే ముందు ఒక్కటి చూసుకోండి: ప్లగిన్ మీ లింకులను ఎక్కడ మార్చింది? ఒక పోస్టును ఎడిటర్‌లో తెరిచి, లింకు మీద నొక్కండి. అక్కడ అసలు బయటి అడ్రసే కనిపిస్తే ప్లగిన్ పేజీ చూపించేటప్పుడు మాత్రమే మారుస్తోంది. తీసేస్తే లింకులు మామూలు స్థితికి వస్తాయి, క్యాష్ (తాత్కాలికంగా దాచి ఉంచిన పేజీ కాపీలు) ఖాళీ చేస్తే చాలు. ఎడిటర్‌లోనే 'మీసైట్.ఇన్/?గో=' అని ఉంటే డేటాబేస్‌లోనే రాసిపెట్టిందన్నమాట. తీసేయగానే ఆ లింకులన్నీ తెగిపోతాయి. సెర్చ్ అండ్ రీప్లేస్ సాధనంతో వాటిని సరిచేయాలి, ముందు 'డ్రై రన్' పెట్టి ఎన్ని చోట్ల మారుతుందో చూసి. అడ్రసులు శాతం గుర్తుల కోడింగ్‌లో ఉంటే, అంటే కోలన్ బదులు %3ఏ, గీత బదులు %2ఎఫ్ ఉంటే, ముందుభాగం తీసేసినంత మాత్రాన సరిపోదు, వెనక్కి విప్పాలి కూడా.

వెంటనే తీసేయలేని పరిస్థితి ఉంటే, అంటే ఫలితాల రోజు, సైటు నిండా రద్దీ, అలాంటప్పుడు ముందు నిలబడే ఫైర్‌వాల్‌లో ఆపండి. క్లౌడ్‌ఫ్లేర్ ఉచిత ప్లాన్‌లోనూ ఐదు కస్టమ్ రూల్స్ పెట్టుకోవచ్చు. క్వెరీ స్ట్రింగ్‌లో, అంటే అడ్రసులో ప్రశ్న గుర్తు తర్వాతి భాగంలో, ఆ పరామీటర్ పేరు, సమాన గుర్తు ఉంటే బ్లాక్ అని ఒక్క రూలు చాలు. 'హెచ్‌టీటీపీ' అనే మాట ఉంటేనే బ్లాక్ చేయాలనుకోకండి. పైన చెప్పిన '//' రూపం, %2ఎఫ్ రూపం రెండూ దాన్ని దాటిపోతాయి. ప్లగిన్ నంబర్లతో కూడా పనిచేస్తుంటే, విలువలో అంకెలు తప్ప ఇంకేదైనా ఉంటే 403 (అనుమతి లేదు) ఇవ్వమని రాయించండి. చెడ్డ రూపాలన్నీ ఏకరువు పెట్టడం ఎప్పటికీ తెగదు, మంచి రూపం ఒక్కటి చెప్పి మిగతావన్నీ ఆపడం తేలిక.

కోడులో సరిచేయడం

అన్నిటికన్నా మంచిది గమ్యాన్ని లింకులోంచి తీసేయడం. బయటి అడ్రసులను టేబుల్‌లో దాచి, లింకులో వరస నంబరు మాత్రమే ఉంచండి. వచ్చిన నంబరును యాబ్స్‌ఇంట్‌తో పూర్ణసంఖ్య చేసి, టేబుల్‌లో వెతికి, ఉంటే పంపండి, లేకపోతే 404 చూపండి. క్లిక్కుల లెక్కకూ ఇదే సులువు.

బయటి సైట్లు పది పదిహేనుకు మించవంటే డబ్ల్యూపీ_సేఫ్_రీడైరెక్ట్ వాడొచ్చు. ఇది మీ సైటుకు, అనుమతి జాబితాలో ఉన్న హోస్టులకు మాత్రమే పంపుతుంది. జాబితాకు పేర్లు చేర్చేది 'అలౌడ్_రీడైరెక్ట్_హోస్ట్స్' అనే ఫిల్టర్. ఇక్కడ నాలుగు చోట్ల తప్పులు జరుగుతుంటాయి.

ఒకటి, పేరు అచ్చంగా సరిపోవాలి. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్నది, లేనిది రెండూ విడివిడిగా చేర్చాలి. ఈ గొడవ పడలేక కొందరు సేఫ్ తీసేసి మామూలు రీడైరెక్ట్‌కు వెళ్లిపోతారు, లోపం మళ్లీ తెరుచుకుంటుంది.

రెండు, అనుమతి లేని హోస్టు వస్తే ఆ ఫంక్షన్ సందర్శకుడిని అడ్మిన్ పేజీకి పంపుతుంది, అంటే బయటివాళ్లకు లాగిన్ పేజీ కనిపిస్తుంది. మొదటి పేజీకి పంపాలంటే ముందే డబ్ల్యూపీ_వ్యాలిడేట్_రీడైరెక్ట్‌కు రెండో విలువగా హోమ్_యూఆర్ఎల్ ఇచ్చి, వచ్చిన ఫలితాన్ని పంపండి.

మూడు, ఈ ఫిల్టర్ సైటు మొత్తానికీ వర్తిస్తుంది. మీ ప్లగిన్ కోసం చేర్చిన హోస్టుకు లాగిన్ పేజీలోని 'రీడైరెక్ట్_టు' కూడా పంపడం మొదలుపెడుతుంది. పాస్‌వర్డ్ కొట్టిన మరుక్షణం బయటి సైటుకు పోవడమంటే ఫిషింగ్‌కు, అంటే నకిలీ పేజీతో వివరాలు కాజేయడానికి, అంతకన్నా అనువైన చోటు ఇంకొకటి లేదు. అందుకని ఫిల్టర్‌ను ఫైలు మొదట్లో కాకుండా, సరిగ్గా రీడైరెక్ట్ చేసే లైనుకు ముందు తగిలించండి. ఆ వెంటనే ఎగ్జిట్ ఉంటుంది కాబట్టి దాని ప్రభావం అక్కడితో ముగుస్తుంది. పొట్టి లింకుల సర్వీసుల హోస్టులను మాత్రం జాబితాలో ఎప్పుడూ చేర్చకండి. వాటి వెనక ఏ సైటైనా ఉండొచ్చు.

నాలుగు, ఎగ్జిట్ మరిచిపోవడం. రీడైరెక్ట్ ఫంక్షన్ హెడర్ పంపుతుందే కానీ ప్రోగ్రామ్‌ను ఆపదు. కింద ఉన్న కోడంతా నడుస్తూనే ఉంటుంది.

గమ్యం లింకులోనే ఉండక తప్పదంటే సంతకం పెట్టండి. లింకు తయారుచేసేటప్పుడు అడ్రసును, డబ్ల్యూపీ_సాల్ట్ ఇచ్చే రహస్యాన్ని కలిపి హ్యాష్_హెచ్‌మ్యాక్‌తో, ఎస్‌హెచ్‌ఏ256 పద్ధతిలో ముద్ర తీసి లింకు చివర చేర్చండి. లింకు తిరిగి వచ్చినప్పుడు అదే లెక్క మళ్లీ వేసి హ్యాష్_ఈక్వల్స్‌తో పోల్చండి. ఒక్క అక్షరం మారినా ముద్ర కలవదు. డబ్ల్యూపీ-కాన్ఫిగ్‌లో సాల్ట్‌లు మారిస్తే పాత ముద్రలన్నీ చెల్లవు కాబట్టి, మార్చిన రోజు పేజీ క్యాష్ కూడా ఖాళీ చేయాలి.

వర్డ్‌ప్రెస్ ఇచ్చే తాత్కాలిక గుర్తు నాన్స్ ఉంది కదా, అది వాడితే సరిపోదా అని అడుగుతారు. రెండు కారణాలతో సరిపోదు. మామూలుగా ఒక రోజులోపే నాన్స్ చెల్లకుండా పోతుంది. క్యాష్‌లో ఉన్న పేజీల లింకులన్నీ మర్నాటికి తెగుతాయి. అంతకన్నా పెద్దది, లాగిన్ కాని సందర్శకులందరికీ ఒకే నాన్స్ వస్తుంది. దాడిచేసేవాడు మీ సైటు తెరిచి దాన్ని కాపీ చేసుకుని తన లింకుకు తగిలించుకుంటాడు.

సంతకం పద్ధతిలో కూడా ఒక సందు ఉంది, దాన్ని మూయాలి. పేజీలోని లింకులన్నిటికీ ప్లగిన్ తనంతట తానే సంతకం పెడుతుంటే, కామెంట్లలోని లింకులకూ పెడుతుంది. అప్పుడు మోసగాడు ఒక కామెంట్ రాసి, మీ సంతకంతో తయారైన లింకును తీసుకుని వాట్సాప్‌లో పంచుతాడు. కామెంట్ తర్వాత మీరు తీసేసినా సంతకం చెల్లుతూనే ఉంటుంది. కామెంట్లకు, సభ్యుల ప్రొఫైళ్లకు, ఫోరమ్ పోస్టులకు ఈ ఫిల్టర్ తగలకుండా చూడండి. అక్కడి లింకులు నేరుగా బయటికే పోనివ్వండి.

స్టేటస్ కోడ్ 302 పెట్టండి. 301 శాశ్వతం అని చెబుతుంది, బ్రౌజర్ దాన్ని గుర్తుపెట్టుకుని తర్వాత మిమ్మల్ని అడగకుండానే అక్కడికి పోతుంది. మీరు లోపం సరిచేశాక కూడా, అంతకుముందు ఆ లింకు నొక్కినవాళ్లు పాత గమ్యానికే వెళ్తుంటారు.

జావాస్క్రిప్ట్ అడ్రసులు

పై పరీక్షలో పెట్టె లేచిందంటే దానికి కారణం దాదాపుగా ఒక్కటే: లింకును హెచ్‌రెఫ్‌లో (హెచ్‌టీఎంఎల్‌లో లింకు అడ్రసు రాసే చోట) రాసేటప్పుడు ఈఎస్‌సీ_యాట్ట్ర్ వాడారు. ఆ ఫంక్షన్ కొటేషన్ గుర్తులు, కోణపు గుర్తులు దాటి బయటికి రాకుండా చూస్తుంది. 'జావాస్క్రిప్ట్:' అన్న మాటలో అలాంటి గుర్తులేవీ లేవు కాబట్టి అది చెక్కుచెదరకుండా పోతుంది. హెచ్‌రెఫ్‌కు ఈఎస్‌సీ_యూఆర్ఎల్ వాడాలి. అది అనుమతి ఉన్న ప్రోటోకాల్స్ జాబితాతో పోల్చి, లేనిదాన్ని ఖాళీ చేసేస్తుంది. డేటాబేస్‌లో దాచేటప్పుడు, రీడైరెక్ట్‌కు ఇచ్చేటప్పుడు ఈఎస్‌సీ_యూఆర్ఎల్_రా వాడండి. మొదటిది పేజీలో చూపడం కోసం యాంపర్‌సాండ్‌ను మార్చేస్తుంది, అలా మారిన అడ్రసును దాచుకుంటే లింకులు పనిచేయవు. ఒకటి మరవకండి: ఈ రెండూ హోస్టును చూడవు. ఓపెన్ రీడైరెక్ట్‌కు ఇవి మందు కావు.

షార్ట్‌కోడ్‌తో (పోస్టులో రాసే చిన్న ఆదేశంతో) బటన్లు పెట్టే ప్లగిన్లలో ఈ లోపం ఇంకోలా వస్తుంది. కంట్రిబ్యూటర్ పాత్ర ఉన్నవాళ్లు, అంటే పోస్టు రాసినా తామే ప్రచురించలేనివాళ్లు, పోస్టులో స్క్రిప్టు రాయలేరు, వర్డ్‌ప్రెస్ తీసేస్తుంది. కానీ షార్ట్‌కోడ్‌లో లింకు విలువగా 'జావాస్క్రిప్ట్:' రాయగలరు. ప్లగిన్ దాన్ని తనిఖీ లేకుండా హెచ్‌రెఫ్‌లో పెడితే, ప్రివ్యూ చూస్తూ అడ్మిన్ ఆ బటన్ నొక్కిన క్షణాన ఆ కోడు అడ్మిన్ అధికారంతో నడుస్తుంది. 'డేటా-' తో మొదలయ్యే గుణాల్లో గమ్యాన్ని దాచి, క్లిక్ అయినప్పుడు స్క్రిప్టుతో తెరిచే ప్లగిన్లను మరింత జాగ్రత్తగా చూడాలి. కంట్రిబ్యూటర్ రాసిన పోస్టులో 'డేటా-' గుణాలను వర్డ్‌ప్రెస్ ఉండనిస్తుంది, వాటిలో ఉన్నది అడ్రసో కాదో దానికి తెలియదు కాబట్టి ప్రోటోకాల్ తనిఖీ చేయదు. ఆ పని స్క్రిప్టే చేయాలి: విలువను యూఆర్ఎల్ ఆబ్జెక్ట్‌గా మార్చి, ప్రోటోకాల్ హెచ్‌టీటీపీ లేదా హెచ్‌టీటీపీఎస్ అయితేనే తెరవాలి. అక్షరాలు పోల్చి 'జావాస్క్రిప్ట్' అని ఉందా లేదా చూస్తే సరిపోదు. పదం మధ్యలో ట్యాబ్ గుర్తు పెడితే పోలిక తప్పుతుంది, బ్రౌజర్ మాత్రం ఆ ట్యాబ్‌ను తీసేసి నడిపిస్తుంది.

కొత్త ట్యాబ్ లింకులు

బయటి లింకుల భద్రత అనగానే చాలామంది ముందు చెప్పేది లింకుకు తగిలించే నోఓపెనర్ అనే గుణం గురించి. ఇప్పుడు దాని ప్రాధాన్యం తగ్గింది. అది లేకపోతే ఒకప్పుడు కొత్త ట్యాబ్‌లో తెరిచిన పేజీ, తనను తెరిచిన మీ పేజీని వేరే అడ్రసుకు మార్చేయగలిగేది. చదువరి కొత్త ట్యాబ్ మూసి వెనక్కి వచ్చేసరికి మీ పేజీ స్థానంలో నకిలీ లాగిన్ పేజీ ఉండేది. సఫారీ 12.1, ఫైర్‌ఫాక్స్ 79, 2021 జనవరిలో వచ్చిన క్రోమ్ 88 నుంచి, టార్గెట్ బ్లాంక్ ఉన్న, అంటే కొత్త ట్యాబ్‌లో తెరుచుకునే, లింకులకు ఈ బ్రౌజర్లు నోఓపెనర్‌ను తామే వర్తింపజేస్తున్నాయి. పాత ఫోన్లలో పాత బ్రౌజర్లు ఉంటాయి కాబట్టి రెల్‌లో నోఓపెనర్ రాయడం మానకండి, ఖర్చేమీ లేదు. నోరెఫరర్ మాత్రం ఆలోచించి పెట్టండి. అది పెడితే మీ సైటు నుంచి వచ్చారన్న సంగతి అవతలి సైటుకు తెలియదు, కొన్ని అఫిలియేట్ లెక్కలు తప్పుతాయి.

బ్రౌజర్లు తామే మూయని సందు విండో.ఓపెన్. పాపప్ ప్లగిన్లు దీన్నే వాడతాయి. మూడో విలువగా నోఓపెనర్ ఇవ్వాలి. ఇస్తే ఆ ఫంక్షన్ ఖాళీ విలువ తిరిగి ఇస్తుంది. పాపప్ ఆగిపోయిందా లేదా అని ఆ విలువను చూసి తెలుసుకునే ప్లగిన్ అప్పుడు ప్రతిసారీ ఆగిపోయిందనుకుని అదే లింకును రెండోసారి తెరుస్తుంది. సవరించాక రెండు ట్యాబ్‌లు తెరుచుకుంటున్నాయంటే కారణం ఇదే, ఆ తనిఖీ లైను తీసేయండి.

ఇప్పటికే ఎవరైనా వాడుకున్నారా?

హోస్టింగ్ నిర్వహణ పేజీ అయిన సీప్యానెల్‌లో 'రా యాక్సెస్' నుంచి లాగ్ ఫైలు దించుకుని, ఆ పరామీటర్ పేరుతో వెతకండి. గమ్యాల జాబితా తీసి, మీరు ఎప్పుడూ లింకు ఇవ్వని డొమైన్లు ఉన్నాయేమో చూడండి. ఒకే గమ్యానికి కొద్ది గంటల్లో వందల హిట్లు వచ్చి, రెఫరర్ (ఏ పేజీ నుంచి వచ్చారన్నది చూపే) గడి ఖాళీగా ఉంటే అవి చాలావరకు మెసేజుల్లో పంచిన లింకులు. లాగ్‌లను రోజూ తుడిచేసే హోస్టింగ్‌లు ఉన్నాయి. అదే పేజీలో ఆర్కైవ్ చేయమనే టిక్ ఈరోజే పెట్టండి.

గూగుల్‌లో 'సైట్:' తర్వాత మీ డొమైన్, ఖాళీ, 'ఇన్‌యూఆర్ఎల్:' తర్వాత పరామీటర్ పేరు కొట్టి వెతకండి. బెట్టింగ్, మందుల పేర్లు కనిపిస్తే మీ సైటును శోధన ఫలితాల్లో పైకి రావడానికి కూడా వాడుకున్నారని అర్థం. సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో సెక్యూరిటీ ఇష్యూస్ పేజీ చూడండి. ఆ అడ్రసులకు ఇప్పుడు 404 లేదా 410 వస్తోందో లేదో సరిచూసుకోండి. తొందరపడి రోబోట్స్ ఫైలులో వాటిని ఆపకండి. ఆపితే గూగుల్ అక్కడికి రాదు, పేజీ పోయిందన్న సంగతి దానికి తెలియదు, పాత ఫలితాలు అలాగే నిలిచిపోతాయి.

మీ లింకు ద్వారా ఫిషింగ్ జరిగిందని తేలితే, 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల ప్రకారం సంస్థలు తెలిసిన 6 గంటల్లోపు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్‌కు తెలియజేయాలి. డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఎవరైనా మీ దగ్గరకు వస్తే ముందు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ. ప్లగిన్ లోపాన్ని మాత్రం సపోర్ట్ ఫోరమ్‌లో బహిరంగంగా రాయకండి. సవరణ వచ్చేలోపు మిగతా సైట్లన్నీ బలవుతాయి. డెవలపర్‌కు విడిగా రాయండి, జవాబు రాకపోతే వర్డ్‌ప్రెస్ ప్లగిన్ల బృందానికి మెయిల్ చేయండి. అందులో ప్లగిన్ పేరు, వెర్షన్, మీరు కొట్టిన పరీక్ష అడ్రసు, వచ్చిన లొకేషన్ హెడర్, ఈ నాలుగూ ఉంటే వాళ్లకు మళ్లీ వెతుక్కునే పని ఉండదు.

పైన చెప్పిన ఆరు పరీక్ష అడ్రసులను మీ సైటు పేరుతో ఒక టెక్స్ట్ ఫైలులో రాసి ఉంచుకోండి. ప్లగిన్ కోడును మీరే సవరించి ఉంటే తర్వాతి అప్‌డేట్ దాన్ని చెరిపేస్తుంది. అందుకని ప్రతి అప్‌డేట్ తర్వాత ఆ ఆరూ ఒకసారి కొట్టి చూడాలి. ఐదు నిమిషాల పని.